"చూద్దాం" అంటూ నలభై నాలుగేళ్ళు నెట్టుకురావడం ఎలా

నాన్న పెద్దకర్మ రోజున, విస్తళ్ళు ఇంకా తియ్యకముందే, మా చిన్నాన్న వచ్చి పక్కన కూర్చుని "కొట్టు సంగతి ఏం చేద్దామనుకుంటున్నావమ్మా" అన్నాడు. కొట్టు అంటే గుంటూరు మిర్చి యార్డులో మా తాత పెట్టిన కమిషన్ కొట్టు. నాకప్పుడు ఇరవై ఆరు. నాగార్జున యూనివర్సిటీలో ఎం.ఏ. హిస్టరీ చేసి గ్రూప్ టూకి ప్రిపేరవుతూ, తేజ రకం కాయ చేతిలో పెట్టినా గుర్తుపట్టలేని మనిషిని. చిన్నాన్న మనసులో ఉన్నది వాళ్ళబ్బాయని ఆ పందిట్లో అందరికీ తెలుసు. సరే అంటే కొట్టు పోతుంది, కుదరదంటే చిన్నాన్న పోతాడు, ఆయన వెనకాలే పల్నాడు వైపు నుంచి సరుకు తెచ్చే రైతులు సగం మంది పోతారు. "చూద్దాం చిన్నాన్నా" అన్నాను. ఆ చూద్దాం తొమ్మిదేళ్ళుగా నడుస్తోంది.

తెలివితో అన్న మాట కాదు, ఏడుపు ఆపుకుంటూ నోటికొచ్చింది అనేశాను. ఓ ఏడాది తర్వాత పాత నోట్సు అటక మీద నుంచి దించితే అందులో మొదటి ఎలిజబెత్ కనిపించింది. 1558 నుంచి 1603 దాకా ఇంగ్లండుని ఏలిన ఆవిడ. పరీక్షకి చదివినప్పుడు ఆర్మడా (ఇంగ్లండు మీదికొచ్చిన స్పెయిన్ ఓడల దండు), 1588, షేక్‌స్పియర్ కాలం అని బట్టీపట్టి వదిలేశాను కానీ, కొట్లో కూర్చుని చదివితే వేరేగా కనబడింది. ఈవిడ చేసింది ముఖ్యంగా వాయిదా వెయ్యడం. దాన్నే ఒక విద్యలా పండించింది. అనుకోకుండా కుర్చీలో కూర్చోవాల్సి వచ్చి, చుట్టూ ఉన్నవాళ్ళు "ఈ అమ్మాయి ఎన్నాళ్ళులే" అనుకుంటున్న ఆడవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. మీ కుర్చీ కొట్లోది కావచ్చు, అపార్ట్‌మెంటు అసోసియేషన్‌ది కావచ్చు, మీ ఇష్టం. ఆవిడ చేసినవన్నీ చెయ్యమని చెప్పను, కొన్ని చస్తే చెయ్యకూడదు, అవీ చెబుతాను.

మొదటి సీజను నోరు కట్టేసుకోండి

ఆవిడకి ఇది చిన్నప్పుడే వంటబట్టింది. మూడేళ్ళు నిండకముందే వాళ్ళ నాన్న ఎనిమిదో హెన్రీ వాళ్ళమ్మ తల తీయించాడు. ఈ పిల్లకి వారసత్వం లేదన్నాడు, ఆనక మళ్ళీ వరసలో చేర్చాడు. ఇరవయ్యేళ్ళ వయసులో, 1554లో, రాణిగా ఉన్న అక్క మేరీ మీద తిరుగుబాటు జరిగితే ఇందులో నీ చెయ్యి ఉందని రెండు నెలలు లండన్ టవర్‌లో పెట్టారు, సరిగ్గా తల్లిని చంపిన చోటే. ఎంత గుచ్చి గుచ్చి అడిగినా ఈమెని పట్టించే కాగితం ఒక్కటి దొరకలేదు. తర్వాత వుడ్‌స్టాక్‌లో కాపలా మధ్య ఉంచినప్పుడు కిటికీ అద్దం మీద వజ్రంతో గీసిందని చెబుతారు: నా మీద అనుమానాలు చాలా ఉన్నాయి, రుజువైంది ఒక్కటీ లేదు అని. ఆమె ఇష్టపడ్డ లాటిన్ మాటల్లో ఒకదానికి మన అర్థం "చూస్తాను, మాట్లాడను".

నేనేం చేశానంటే, మొదటి సీజనంతా, అంటే జనవరి నుంచి ఏప్రిల్ దాకా, రెండొందల పేజీల లాంగ్ నోట్‌బుక్ ఒకటి కొని రాత్రి ఇంటికెళ్ళాక రాసుకున్నాను. ఏ వ్యాపారి బస్తాలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి అడుగు కాయ తీస్తాడు, ఎవరు పైకాయ చూసి రేటు చెప్పేస్తారు, ఏ రైతు లోపలికొస్తూ ముందు గుమస్తా మొహం చూస్తాడు, చిన్నాన్న ఫోన్ చేసినప్పుడు ఎవరు లేచి బయటికెళ్ళి మాట్లాడతారు. అంతే. ఏదీ మార్చలేదు, నాన్న కుర్చీ పక్కన కిరకిరలాడే ఫ్యాను కూడా. కొత్తగా వచ్చినవాళ్ళు తమ తెలివి చూపించాలని మొదటి వారమే ఏదో ఒకటి మారుస్తారు చూశారా, అక్కడే దొరికిపోతారు.

మొహమాటం లేకుండా చెప్పే మనిషిని ఒక్కరిని పట్టుకోండి

1558 నవంబరు 17న అక్క చనిపోయింది, ఈమెకి ఇరవై అయిదేళ్ళు. మూడు రోజుల తర్వాత హాట్‌ఫీల్డ్‌లో విలియం సెసిల్‌ని కార్యదర్శిగా పెట్టుకుంది. కొత్త మనిషేం కాదు, అంతకుముందు నుంచే ఈమె ఆస్తుల లెక్కలు చూస్తున్నవాడు. ఆ రోజు ఆయనతో అన్న మాటల సారాంశం ఇది: నువ్వు ఏ కానుకకీ లొంగవని నమ్ముతున్నాను, రాజ్యానికి నమ్మకంగా ఉంటావని నమ్ముతున్నాను, నా ఇష్టాయిష్టాలతో పని లేకుండా నీకు మంచిదనిపించిన సలహాయే నాకు ఇస్తావని నమ్ముతున్నాను. మూడో మాట మళ్ళీ చదవండి. నాకు నచ్చినా నచ్చకపోయినా చెప్పు అని మొదటి రోజే చెప్పి, నలభయ్యేళ్ళు ఆ మాట మీద ఉండటం మామూలు విషయం కాదు. తిట్టింది, అలిగింది, నెలల తరబడి మొహం చూడలేదు, తీసేయలేదు మాత్రం. 1598లో ఆయన మంచాన పడితే వెళ్ళి పక్కన కూర్చుని తన చేత్తో చెంచాతో తినిపించింది.

మా గుమస్తాది నాన్న కాలం. నేను బాబాయ్ అంటాను, ఆయన నన్ను అమ్మాయిగారూ అంటాడు. మొదట్లో ఏమడిగినా "మీ ఇష్టమండీ" అనేవాడు. ఓ రోజు తలుపు దగ్గరికేసి "బాబాయ్, నాకు నచ్చే మాట చెప్పడానికి ఇంట్లో అమ్మ ఉంది, మీకు జీతం ఇచ్చేది నచ్చని మాట చెప్పడానికి" అన్నాను. ఆయన కాసేపు పెన్ను మూత తీసి పెట్టి, తీసి పెట్టి, చివరికి "అయితే ఆ ఎక్స్‌పోర్టర్‌కి అప్పు మీద సరుకు ఇవ్వడం ఆపండి, నాన్నగారు మొహమాటానికి ఇచ్చారు" అన్నాడు. ఆపాను. కొన్నాళ్ళకి ఆ మనిషి చాలా కొట్లకి డబ్బులు ఎగ్గొట్టాడు.

ఇంకో చిన్న మెలిక ఉంది. సెసిల్ ఎంత నమ్మకస్తుడైనా, ఆయనకి పడని, ఆవిడకి ఇష్టుడైన రాబర్ట్ డడ్లీని కూడా ఆవిడ దగ్గరే పెట్టుకుంది. ఒకరు చెప్పింది ఇంకొకరి దగ్గర సరిచూసుకునేది. ఆవిడ కొలువులో సలహాదారులు ఇరవై లోపే, అక్క కాలంలో అంతకి రెట్టింపు కంటే ఎక్కువ. కమిటీ పెద్దదైతే పని జరగదని మన అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపు చూసినవాళ్ళకి వేరే చెప్పాలా.

బోర్డు మార్చకండి, బోర్డు కింద ఒక మాట మార్చండి

ఆ దేశంలో అప్పటికి మతం పేరు మీద పాతికేళ్ళుగా కొట్టుకు చస్తున్నారు. తండ్రి పోప్‌ని వదిలేశాడు, తమ్ముడు ఇంకా దూరం వెళ్ళాడు, అక్క వెనక్కి తిప్పి దాదాపు మూడు వందల మంది మనుషుల్ని కాల్పించింది. ఈమె 1559లో చర్చిని మళ్ళీ తన చేతిలోకి తీసుకుంది కానీ, తండ్రి పెట్టుకున్న "శిరస్సు" అనే బిరుదు వద్దని, "గవర్నర్" అని రాయించింది. అధికారంలో తేడా పెద్దగా ఏమీ లేదు. కానీ ఆడది చర్చికి శిరస్సు ఏమిటని అటు పాతవాళ్ళకీ ఇటు కొత్తవాళ్ళకీ గొంతులో అడ్డం పడే మాట ఒకటి తీసేసింది. ప్రార్థన పుస్తకంలోనూ అంతే, రొట్టె ఇచ్చేటప్పుడు చెప్పే వాక్యం రెండు పాత పుస్తకాల్లో రెండు రకాలుగా ఉంటే, రెండూ కలిపి ఒకదాని పక్కన ఒకటి పెట్టించారు, ఎవరికి కావలసింది వాళ్ళు వింటారు. అంత చేసినా ఆ చట్టం ప్రభువుల సభలో మూడు ఓట్ల తేడాతో గట్టెక్కింది.

మా బోర్డు మీద తాత పేరు పక్కన "అండ్ సన్స్" అని ఉంటుంది. స్నేహితురాలొకామె "డాటర్ అని పెట్టించు, ఫొటో తీసి ఇన్‌స్టాలో పెడదాం" అంది. నవ్వొచ్చింది గానీ పెట్టించలేదు. బోర్డు అలాగే ఉంది. రసీదు పుస్తకం మీద మాత్రం "ప్రొప్రైటర్" అన్న చోట నా పేరు వేయించాను. డబ్బు చేతిలో పడే రోజు రైతు చూసేది రసీదునే, బోర్డుని కాదు.

ఇక అసలు విద్య: తేల్చకుండా ఉంచడం

పట్టం కట్టుకున్న దగ్గర్నుంచీ అందరిదీ ఒకటే గోల, పెళ్ళెప్పుడని. (మన దగ్గర అయితే ఆడపడుచులు, అక్కడ పార్లమెంటు, అంతే తేడా.) మొదట వచ్చినవాడు స్పెయిన్ రాజు ఫిలిప్, చనిపోయిన అక్క మొగుడే. తర్వాత స్వీడన్ ఎరిక్, ఆస్ట్రియా నుంచి ఆర్చ్‌డ్యూక్ చార్లెస్, చివర్లో ఫ్రాన్స్ రాజు తమ్ముడు ఆలన్సోన్. ఇతను 1579లో ఆమెని చూడ్డానికి వచ్చేసరికి ఆమెకి నలభై అయిదు, అతనికి ఇరవై నాలుగు. ముద్దుగా "నా కప్ప" అని పిలిచేది. ఇన్నేళ్ళు ఇంతమందిని నడిపించి చివరికి ఎవరినీ చేసుకోలేదు.

దీన్ని ప్రేమకథలా చెప్పేవాళ్ళే ఎక్కువ. లెక్కలా చూడండి. సంబంధం మాట్లాడుతున్నన్నాళ్ళూ అవతలి దేశం యుద్ధానికి రాదు. చార్లెస్‌తో మాటలు నడుస్తున్నంత కాలం ఆయన చుట్టాలు మంచిగా ఉంటారు, ఆలన్సోన్‌తో నడుస్తున్నంత కాలం ఫ్రాన్స్ వెళ్ళి స్పెయిన్‌తో కలవదు. దేశం చిన్నది, ఖజానా ఖాళీ, ఏలుబడికి వచ్చిన ఏడాది మొదట్లోనే ఫ్రాన్స్ గడ్డ మీద మిగిలిన ఒక్క ఊరు కాలే కూడా పోయింది. అలాంటప్పుడు చేతిలో ఉన్న ఒకే ఒక్క సరుకు ఆమె పెళ్ళి. సరుకు అమ్మేస్తే డబ్బు ఒక్కసారే వస్తుంది. కోల్డ్ స్టోరేజీలో పెట్టి బాండు, అంటే సరుకు అక్కడుందన్న కాగితం, చేతిలో ఉంచుకుంటే, ఆ బాండు చూపించి ఎన్నిసార్లయినా అప్పు తెచ్చుకోవచ్చు. మా యార్డులో వయసొచ్చిన ప్రతివాడికీ తెలిసిన సంగతే, హిస్టరీ పుస్తకాల్లో మాత్రం కన్య రాణి అని పద్యాల్లా రాస్తారు.

ఎలా చెయ్యాలి? నాకు పని చేసిన పద్ధతి చెబుతాను.

కారణం మీది కాకూడదు. ఆవిడ "నాకు ఇష్టం లేదు" అని తేల్చి వదిలెయ్యలేదు, అతని మతం వేరు, మా జనం ఒప్పుకోరు, ముందు మనిషిని కళ్ళారా చూడాలి కదా, ఇలా సాగేది. నేను చిన్నాన్నతో ఒక ఏడు లైసెన్సు రెన్యూవల్ అవనివ్వండి అన్నాను, ఒక ఏడు కరోనా, ఇంకో ఏడు రేట్లు పడిపోయాయి, ఈ టైములో వాటాలు కదిపితే ఇద్దరికీ నష్టం అన్నాను. ఒక్కటీ అబద్ధం కాదు. అబద్ధం చెబితే గుర్తుపెట్టుకోవాలి, అదో టెన్షన్.

ఏదో ఒకటి కదులుతూ ఉండాలి. పూర్తిగా ఆగిపోయిన వాయిదాని అవతలివాళ్ళు కాదు అనే అనుకుంటారు. ఆమె బొమ్మలు తెప్పించుకునేది, దూతల్ని పంపేది, షరతుల కాగితాలు రాయించి మళ్ళీ దిద్దించేది. నేను సంక్రాంతికి చిన్నాన్న వాళ్ళబ్బాయిని కొట్టుకి పిలిచి ఓ పది రోజులు కాటా దగ్గర నిలబెట్టాను. వాడికి పని తెలిసింది, చిన్నాన్నకి ఆశ మిగిలింది, నాకు రద్దీలో ఒక మనిషి కలిసొచ్చాడు.

తేదీ చెప్పకండి. "ఉగాది తర్వాత" అన్నారంటే ఉగాది వచ్చేస్తుంది.

వీటిలో దేన్నైనా ఆవిడే తప్పిన రోజులున్నాయి. 1581లో అందరి ఎదుటా ఆలన్సోన్‌ని ముద్దుపెట్టుకుని వేలి ఉంగరం తీసి ఇచ్చేసింది, తెల్లారేసరికి కుదరదంది. అలా అవునని వెనక్కి పోవడం వాయిదా కాదు, మాట తప్పడం.

ఇవన్నీ కలిపి ఆవిడే ఒక పేరు పెట్టింది. 1586లో, బందీగా ఉన్న స్కాట్లండు రాణి మేరీకి మరణశిక్ష వెయ్యమని పార్లమెంటు ఒత్తిడి తెస్తే, మీ తీర్పుని తప్పు పట్టను, మీ కారణాలు నాకు అర్థం కాకపోలేదు, నా కృతజ్ఞత పుచ్చుకోండి, నా సందేహాన్ని మన్నించండి, జవాబు లేని నా జవాబుని మంచి మనసుతో తీసుకోండి అంది. ఎంత గౌరవంగా ఉందో చూడండి. చేతిలో ఏమీ పెట్టలేదు, అలాగని ఎవరినీ కసిరి పంపలేదు.

వాయిదా వెయ్యకూడనివి

తండ్రి హెన్రీ చివరి రోజుల్లో డబ్బుకి కటకటలాడి వెండి నాణెంలో రాగి కలిపించాడు. నాణెం అరిగేకొద్దీ దాని మీద రాజుగారి ముక్కు దగ్గర రాగి ఎర్రగా తేలేదట, జనం ఆయనకి రాగిముక్కు అని పేరు పెట్టారు. సరుకు ధరలు పెరిగిపోయాయి, బయట దేశాలవాళ్ళు ఆ డబ్బుని నమ్మడం మానేశారు. ఈ విషయంలో మాత్రం మన వాయిదాల రాణి చూద్దాం అనలేదు. 1560, 61 మధ్యలోనే పాత నాణేలన్నీ వెనక్కి తెప్పించి కరిగించి మంచి వెండితో మళ్ళీ కొట్టించింది. ఆవిడ చేసిన వాటిలో నాకు అన్నిటికంటే గొప్పగా కనబడేది ఇదే, ఆర్మడా కంటే. యార్డులో దీనికి సమానమైనది కాటా. కాటాలో తేడా ఉందని రైతుకి అనుమానం వచ్చిందంటే ఆ రోజే, ఆ గంటలోనే, అతని ఎదురుగా వేరే కాటా మీద తూయించాలి. దానికి మాత్రం రేపు అనే మాట లేదు. రైతుకివ్వాల్సిన డబ్బూ అంతే. వ్యాపారి మనకి నెల తర్వాత ఇచ్చినా రైతుకి మనం ఆపకూడదు.

చెవులు

ఆవిడ బొమ్మల్లో ఒకటి హాట్‌ఫీల్డ్ హౌస్‌లో ఉంది, చేతిలో ఇంద్రధనుస్సు పట్టుకుని ఉంటుంది. దగ్గరగా చూస్తే, వేసుకున్న నారింజ రంగు పైబట్ట నిండా కళ్ళూ చెవులూ కుట్టి ఉంటాయి. వాల్సింగ్‌హామ్ అనే మంత్రి ఆమెకి ఆ కళ్ళూ చెవులూ. బందీగా ఉన్న స్కాట్లండు మేరీ బీరు పీపాల్లో దాచి ఉత్తరాలు పంపుకుంటుంటే ఆ దారి కనిపెట్టడం కాదు, అసలు ఆ దారి వేయించిందే ఈయన. ప్రతి ఉత్తరమూ ముందు ఈయన మనుషులు చదివాకే వెళ్ళేది. అంత పని మనకెందుకు గానీ, యార్డులో టీ ఇచ్చే కుర్రాడితో రోజుకి రెండు నిమిషాలు మాట్లాడండి. ఏ కొట్లో ఎన్ని టీలు ఎక్కువ తాగారో అతనికి తెలుసు, ఎక్కువ టీలు అంటే అక్కడ ఏదో బేరం తెగలేదని.

నేను చేసిన తప్పు, ఆవిడ దగ్గర నేర్చుకున్నదే

ఆ స్కాట్లండు రాణి మేరీ స్టువర్ట్ 1568లో పారిపోయి వచ్చి శరణు అడిగింది. వదిలితే ప్రమాదం, చంపితే పాపం, పైగా ఆమె కూడా పట్టాభిషేకం అయిన రాణి. పందొమ్మిదేళ్ళు అలాగే బందీగా ఉంచింది. చివరికి 1587 ఫిబ్రవరి 1న శిక్ష కాగితం మీద సంతకం పెట్టింది, పెట్టి, గుట్టుగా ఎవరైనా పని ముగిస్తే బాగుండునని కాపలా చూసే పాలెట్‌కి ఉత్తరం రాయించింది. ఆయన నా అంతరాత్మని అలా ముంచుకోలేనని తిప్పి రాశాడు. మంత్రులంతా కలిసి కాగితం పంపేశారు, ఎనిమిదో తేదీన తల తెగింది. అప్పుడు ఈవిడ ఏడ్చి, నేను పంపమనలేదని, కాగితం చేతబట్టుకున్న కార్యదర్శి డేవిసన్‌ని టవర్‌లో పెట్టించింది. విదేశీ రాజుల ముందు చేతులు కడుక్కోవడానికి ఒకడు కావాలి, అతను దొరికాడు.

మొదటిసారి చదివినప్పుడు ఎంత తెలివి అనుకున్నాను. మూడో ఏట ఒక వ్యాపారి డబ్బులు బాగా ఆలస్యం చేస్తున్నాడు, పెద్ద మనిషి, ముక్కు మీద కోపం. నేను మా కొట్లో కుర్రాడితో "వాళ్ళ లారీ వస్తే కాస్త చూసుకో" అన్నాను. చూసుకో అంటే ఆపమని వాడికి తెలుసు, నాకూ తెలుసు. ఆపాడు. ఆయన ఊగిపోతూ వచ్చాడు, కొట్టు నిండా జనం, నేను లేచి నిలబడి "ఎవరు ఆపమన్నారురా నిన్ను" అని వాణ్ణి అందరి ముందూ అడిగాను. వాడు నా మొహం చూశాడు. ఒక్క మాట అనలేదు. ఆయన చల్లబడ్డాడు, వారంలో డబ్బులూ వచ్చాయి, పని మాత్రం అద్భుతంగా అయింది. నెలాఖరుకి కుర్రాడు జీతం తీసుకుని, "అక్కా, మా ఊళ్ళో పని ఉంది" అని వెళ్ళిపోయాడు. ఇప్పుడు ఇంకో కొట్లో ఉన్నాడు, ఎదురుపడితే నమస్తే అంటాడు, అక్కా అనడు. ఇది మాత్రం చెయ్యకండి. ఆపాలనుకుంటే "ఆపు" అనండి, గొడవొస్తే "నేనే ఆపమన్నాను" అనండి.

ఎండాకాలం ఊళ్ళు తిరగండి

ఎలిజబెత్ చాలా ఏళ్ళు వేసవిలో బండ్లు కట్టించుకుని ఊళ్ళ మీద పడేది. జనం ఆమెని చూసేవారు, దారి పక్కన అర్జీలు ఇచ్చేవారు, ఆమె ఆగి మాట్లాడేది. ఏ ప్రభువు ఇంట్లో దిగితే ఖర్చు వాళ్ళ మీదా పడేది. 1575లో డడ్లీ ఇంట్లో, కెనిల్‌వర్త్‌లో, పందొమ్మిది రోజులు ఉంది. అల్లుడు కూడా అన్నాళ్ళు ఉండడు.

యార్డుకి వేసవి సెలవులిచ్చినప్పుడు నేను రైతుల ఇళ్ళకి వెళ్తాను. నాన్న ఎప్పుడూ వెళ్ళలేదు, వాళ్ళే వచ్చేవాళ్ళు. మొదటిసారి వెళ్ళినప్పుడు ఓ ముసలాయన మంచం వాల్చి "ఏవమ్మా, బాకీకొచ్చావా" అన్నాడు. "లేదు పెదనాన్నా, మీ తోట చూద్దామని" అంటే నమ్మలేదు, మజ్జిగ ఇచ్చి గేటు దాకా అనుమానంగానే వచ్చాడు. రెండో ఏడు భోజనం పెట్టారు. మూడో ఏడు ఆయన కోడలు నా పక్కన కూర్చుని, మామయ్య ఈసారి సగం సరుకు వేరే కొట్టుకి వేద్దామనుకుంటున్నాడని మెల్లగా చెప్పింది. కోపం రాలేదు, ఎందుకని అడిగాను. ఆ సంగతి కిందికొస్తుంది. ఖాళీ చేతులతో వెళ్ళకండి, అలాగని ఖరీదైనవి పట్టుకెళ్ళకండి. అరటిపళ్ళు చాలు.

కోపం ఏడాదికి ఒక్కసారి

1597లో పోలండ్ నుంచి వచ్చిన దూత ఒకడు నిండు కొలువులో లాటిన్‌లో ఆవిడకి నీతులు చెప్పి బెదిరించాడు. అరవై మూడేళ్ళ ఆవిడ సింహాసనం మీద నుంచి లేచి, కాగితం లేకుండా, అదే లాటిన్‌లో అతన్ని ఉతికి ఆరేసింది. తర్వాత సభవైపు తిరిగి, చాలాకాలంగా తుప్పు పట్టిన నా లాటిన్‌ని ఇవాళ తోమాల్సి వచ్చింది అందట. అలాంటి కోపం పని చెయ్యాలంటే మిగతా రోజుల్లో అరవకూడదు. పైగా అవతలివాడి భాషలో ఉండాలి. వ్యాపారితో గొడవ వస్తే నేను ఏడవను, అరవను, మూడేళ్ళ బిల్లుల తేదీలు గడగడా చెబుతాను. పుస్తకం చూడకుండా.

పిసినారితనం

ఇక్కడ నేను ఆవిడ పార్టీ కాదు. ఆర్మడా కథలో టిల్బరీలో సైనికుల ముందు ఆవిడ చేసిన ప్రసంగం అందరికీ ఇష్టం, నాది బలహీనమైన ఆడదాని దేహమే కానీ గుండె మాత్రం రాజుది, అదీ ఇంగ్లండు రాజుది అన్న మాటలు నాకూ ఇష్టమే. కానీ ఆ ఆగస్టులో ఆమె ఆ మాటలు చెప్పేనాటికి సముద్రం మీద అసలు పోరు అయిపోయింది, సుమారు నూట ముప్పై స్పెయిన్ ఓడలూ చెల్లాచెదురై ఉత్తరానికి కొట్టుకుపోతున్నాయి. అదే సమయంలో గెలిపించిన నావికులు జీతాలు అందక, రోగాలతో రేవుల్లో చచ్చిపోతున్నారు. ఖజానాలో డబ్బు లేదన్నది నిజమే. అయినా మాట బాగుంది, బట్వాడా బాలేదు. హమాలీలకి సాయంత్రం లెక్క సాయంత్రమే ఇచ్చెయ్యండి, ఆ తర్వాత ప్రసంగం చెప్పండి, వింటారు.

దిగిరావాల్సినప్పుడు పరిగెత్తుకుంటూ దిగండి

వాయిదా వేసే మనుషులకి ఒక రోగం ఉంటుంది, లొంగిపోవడాన్ని కూడా వాయిదా వేస్తారు. ఎలిజబెత్‌కి ఆ రోగం లేదు, కనీసం 1601లో లేదు. జీతాలివ్వలేక, నచ్చినవాళ్ళకి ఉప్పు, గంజిపొడి, పేకముక్కలు లాంటి వాటి మీద గుత్త హక్కులు రాసిచ్చేది. ధరలు మండిపోయాయి. పార్లమెంటులో గుత్తల జాబితా చదువుతుంటే ఒక సభ్యుడు లేచి "ఇందులో రొట్టె లేదా?" అన్నాడు, ఇప్పుడే ఆపకపోతే వచ్చే సమావేశాల నాటికి అదీ చేరుతుందని. చట్టం చేసి రాణి అధికారాన్నే కత్తిరించేలా ఉన్నారు. ఆమె వాళ్ళు ఓటు వేసేదాకా ఆగలేదు. కొద్ది రోజుల్లోనే చాలా గుత్తలు రద్దు చేస్తూ తనే ప్రకటన ఇచ్చేసింది, నవంబరు 30న నూట నలభై మంది దాకా సభ్యులు వైట్‌హాల్‌కి వచ్చి మోకరిల్లితే, దేవుడు నన్ను ఎంత ఎత్తున కూర్చోబెట్టినా, మీ ప్రేమతో ఏలాననేదే నా కిరీటానికి గొప్ప అంది. తిట్టడానికి సిద్ధమైనవాళ్ళు కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళారు. ఆ ప్రసంగాన్ని బంగారు ప్రసంగం అంటారు. గమనించండి, తప్పు తనదే. సరిదిద్దిన పేరూ తనదే.

మా దగ్గర శాంపిల్ కాయలని ఉంటాయి. వ్యాపారులు చూడ్డానికి ప్రతి బస్తాలోంచి గుప్పెడు తీస్తారు, అవి మళ్ళీ బస్తాలోకి పోవు, రోజు చివరికి కొట్టు ముందు ఎర్రగా ఓ కుప్ప అవుతుంది. దాన్ని కొట్టువాళ్ళే అమ్ముకోవడం మా తాత నాటి నుంచీ ఉంది. ఆ ముసలాయన కోడలు చెప్పింది దీని గురించే. క్వింటాల్‌కి పెద్ద లెక్క కాదమ్మా, కానీ మా ఎదురుగా మా కాయలు మీరు ఊడ్చుకుపోతుంటే చూడలేకపోతున్నాం అంది. ఆ రాత్రి బాబాయ్‌ని అడిగాను, ఏడాదికి ఎంతొస్తుందని. ఆయన చెప్పిన అంకె చూసి కాసేపు కడుపులో మండింది, నిజం చెప్పొద్దూ. రైతులు సీజన్‌లో కలిసి అడగబోతున్నారని టీ కుర్రాడు అప్పటికే చెప్పాడు. సీజన్ మొదలైన రోజు, వాళ్ళు నోరు తెరవకముందే, కుప్ప పక్కన కాటా పెట్టించి, ఎవరి బస్తాలోవి వాళ్ళకి తిరిగి కట్టించాను. పక్క కొట్లవాళ్ళు వారం రోజులు నాతో మాట్లాడలేదు. చిన్నాన్న ఫోన్ చేసి "మీ నాన్న ఉంటే ఇలా చేసేవాడా" అన్నాడు. ఆ ముసలాయన మాత్రం ఆ ఏడు సరుకంతా మాకే వేశాడు.

ఆవిడ తేల్చకుండా వదిలేసిన చివరిది

వారసుడు. 1562లో మశూచి వచ్చి చావు అంచు దాకా వెళ్ళొచ్చింది, అప్పుడూ చెప్పలేదు. తర్వాత నలభయ్యేళ్ళూ చెప్పలేదు. పేరు చెబితే రేపటి నుంచి జనమంతా ఆ గుమ్మం దగ్గరే నిలబడతారని ఆమె భయం, అక్క కాలంలో తన గుమ్మం దగ్గర అలా నిలబడటం చూసింది కాబట్టి. ముసలితనంలో సెసిల్ కొడుకు రాబర్ట్ ఆమెకి తెలియకుండా స్కాట్లండు రాజు జేమ్స్‌తో ఉత్తరాలు నడిపి అంతా సిద్ధం చేసి పెట్టాడు, అందుకే 1603 మార్చి 24న ఆమె పోయినప్పుడు కత్తి దుయ్యకుండా పట్టం మారింది. అది ఆవిడ తెలివి కాదు, గుమస్తా కొడుకు తెలివి. (చనిపోవడానికి రెండేళ్ళ ముందు, 1600 డిసెంబరు 31న, ఆమె ముద్ర వేసిన కాగితం ఒకటి ఉంది, ఈస్టిండియా కంపెనీది. 1611లో ఆ కంపెనీ ఓడ మన నిజాంపట్నానికీ, బందరుకీ వచ్చింది. దాన్ని మాత్రం వాయిదా వేసి ఉండాల్సింది మహాతల్లి.)

ఈ ఒక్క విషయంలో ఆవిడని అనుసరించొద్దని నేను అందరికీ చెబుతాను. కాగితం రాయించండి, ఎవరికి ఎంత అన్నది మీరుండగానే తేల్చండి. నేనూ బ్రాడీపేటలో ఓ లాయరు గారి దగ్గర వీలునామా డ్రాఫ్టు చేయించాను. చిన్నాన్న వాళ్ళబ్బాయికి పావలా వాటా అని అందులో ఉంది, ఎందుకంటే వాడు నిజంగానే పని నేర్చుకున్నాడు, కాటా దగ్గర వాడుంటే నేను అటు చూడక్కర్లేదు. డ్రాఫ్టు బీరువాలో చీరల కింద ఉంది. సంతకం పెట్టలేదు ఇంకా. లాయరు గారు మొన్న కూడా ఫోన్ చేశారు. ఈ సీజన్ అవనివ్వండి అన్నాను.